రెక్క తలుపు

నరసాపురంలో లేసు కంపెనీ మేడ కింద
అమ్మాయిలు నూలు ఉండలు తూకం వేస్తుంటే
పైన నేను దేశాలు కడుతున్నాను.

మొదట తెలివితక్కువ పని చేశాను, ఒప్పుకుంటాను.
జపానుకొక కాపీ, డెన్మార్కుకొక కాపీ,
జర్మనీకి, కెనడాకి చెరొకటి.
పన్ను లెక్కలో తప్పు ఒకచోట దిద్దితే
మిగతా మూడు చోట్లా అది హాయిగా బతికేది.
"నిన్న సరిచేశానన్నావు కదమ్మా" అని
జకరయ్య గారి ఫోను.
సరిచేసింది జపానులో.
ఆయన చూస్తున్నది డెన్మార్కు.

అప్పుడు అందర్నీ ఒకే పట్టికలోకి దింపి
ప్రతి వరుస చివరా ఒక గడి పెట్టాను: దేశం.
ఇక మొదలయ్యాయి చిల్లర తగాదాలు.
యెన్నుకి పైసల్లేవు.
మనం కామా పెట్టేచోట జర్మనీ వాళ్ళు చుక్క పెడతారు.
03-04 అంటే మార్చి నాలుగో, ఏప్రిల్ మూడో
తేలేలోగా కెనడాలో ఒక పెళ్ళి
మా బల్లగుడ్డలు లేకుండానే జరిగిపోయింది.

పేరు దగ్గర మాత్రం నవ్వొచ్చింది.
ఒసాకా ఆవిడ ఇంటిపేరే ముందు రాసింది,
అచ్చం మా కొల్లాటి సువార్తమ్మలాగే.
రెండు గడులూ చెరిపి ఒకటే ఉంచాను:
మిమ్మల్ని ఏమని పిలవాలి?
"పిన్నీ అని పెట్టు" అంది సువార్తమ్మ,
కుట్టుసూది మీంచి చూపు తిప్పకుండా.
ఆవిడ ఇంటికి నంబరు లేదు.
లాకు దాటాక మూడో కరెంటు స్తంభం.
చిరునామా దగ్గర "తప్పనిసరి" తీసేశాను.

ఒక పున్నమి రాత్రి ఒసాకా నుంచి ఉత్తరం.
"నా ఆర్డర్లు తెరిస్తే హాంబుర్గులో ఎవరిదో ఇల్లు కనిపిస్తోంది.
ఆకుపచ్చ గుమ్మం, గంట పనిచేయదు, గట్టిగా తట్టాలి.
ఇవన్నీ నాకు తెలియకూడదు కదండీ?"

మూడొందల పన్నెండు క్వెరీలు.
ఒక్కదానిలో, ఒక్కదానిలోనే,
"ఈ దేశం అయితేనే" అనే మాట రాయడం మరిచాను.

తెల్లారి డ్రెయిను గట్టు మీదికి నడిచాను.
లస్కరు గవర్రాజు బీడీ ఆర్పి
ఏటయ్యిందన్నాడు.
ఉప్పునీరు ఎగదన్నింది, అన్నాను.
ఆయన నవ్వలేదు. "ఎన్ని ఎకరాలు?"
ఒక ఇల్లు.
"ఒకటైనా చేదే. తలుపెవరు మూస్తారు?"
నేనే. ప్రతిసారీ. గుర్తుపెట్టుకుని.
"ఏడిసినట్టే ఉంది."

మొగ దగ్గర ఇనప రెక్కలు చూపించాడు.
కీలు పైన, బరువు కింద.
పొలాల నీరు తోస్తే తెరుచుకుంటుంది.
సముద్రం తోస్తే
ఆ తోపుకే బిగుసుకుంటుంది.
"పోటు రాత్రి రెండింటికి వస్తది, నేను నిద్దరోతుంటాను.
దానికి నా గుర్తుతో పనేంటి?"

ఆ రాత్రి షరతుని
మూడొందల పన్నెండు చోట్ల నుంచీ పీకి
పట్టిక గడపకే బిగించాను.
ఎవరు అడిగినా వాళ్ళ వరుసలే వాళ్ళకి.
దేశం చెప్పడం మరిచిన క్వెరీకి ఖాళీ వస్తుంది.
ఖాళీని ఓర్చుకోవచ్చు. ఉప్పుని కాదు.

జర్మనీ వాళ్ళు తమ వరుసలు
తమ నేల మీదే ఉండాలన్నారు. ఇచ్చేశాను.
కాలవ ఇక్కడిది, చెరువు అక్కడిది.
హాంబుర్గుకి క్షమాపణ రాశాను.
గంట బాగుచేయించారట.
గుమ్మం రంగు మార్చలేదట.

ఇంతేనా అనుకున్నాను గానీ,
వెళ్ళేటప్పుడు గవర్రాజు వెనక నుంచి కేకేశాడు:
"నెలకోసారి కీలుకి గ్రీజు పెట్టాలమ్మా!
అది మటుకు మనిషే!"

అందుకే ప్రతి శనివారం
ఒసాకా పేరు పెట్టుకుని, దొంగలా,
ఆ ఆకుపచ్చ గుమ్మం తడతాను.
తెరుచుకోదు.
ఇంకొక్కసారి తట్టి చూసి
కిందికి దిగి టీ తాగుతాను.